ఇన్‌కంటాక్స్ బకాయి అని ఫోన్ వస్తే ఏం మాట్లాడాలి, ఏం ఒప్పుకోకూడదు

పన్ను బకాయి ఉందని ఫోన్ వస్తే శ్రీకాకుళం, విజయనగరం వైపు కనిపించే తప్పులు రెండు. కొందరు గాభరా పడిపోయి అవతలివాళ్లు చెప్పిన నంబర్‌కి అప్పటికప్పుడే డబ్బు పంపేస్తారు. ఇంకొందరు ఇదంతా సైబర్ మోసమే అని కట్ చేసి నంబర్ బ్లాక్ చేసేస్తారు, ఆర్నెల్లు పోయాక రావాల్సిన రీఫండ్ రాకపోతేనో, జీతం పడే ఖాతాలో డబ్బు తీయడం కుదరకపోతేనో అప్పుడు పరుగు పెడతారు. చూడ్డానికి ఇవి ఒకదానికొకటి పూర్తిగా వేరు, కానీ రెండూ ఒకే చోట పుడుతున్నాయి. తన పేరు మీద నిజంగా బకాయి ఉందో లేదో తానే చూసుకోవచ్చని చాలామందికి తెలియదు. తెలిసినవాళ్లకేమో ఆదాయపు పన్ను శాఖ ఈ-ఫైలింగ్ పోర్టల్ పాస్‌వర్డ్ తమ దగ్గర ఉండదు.

ఇన్‌కంటాక్స్ వాళ్లు అసలు ఫోన్ చేయరు అన్న మాట వాట్సాప్‌లో తెగ తిరుగుతుంది. అది నిజం కాదు. చేస్తారు. మన రిటర్న్‌లు ప్రాసెస్ చేసేది బెంగళూరులోని సీపీసీ, అంటే సెంట్రలైజ్డ్ ప్రాసెసింగ్ సెంటర్. రికార్డుల్లో నిలబడిపోయిన బకాయిల గురించి పన్ను కట్టేవాళ్లతో మాట్లాడడానికి మైసూరులో డిమాండ్ ఫెసిలిటేషన్ సెంటర్ అని ఒకటి పెట్టారు, అక్కడి నుంచి ఫోన్లు, మెసేజ్‌లు, ఈమెయిల్స్ వస్తాయి. బకాయి పాతదైతే శ్రీకాకుళంలోనో విజయనగరంలోనో ఉన్న ఇన్‌కంటాక్స్ వార్డు ఆఫీసు నుంచి కూడా ఎవరైనా ఫోన్ చేయొచ్చు, ఆర్థిక సంవత్సరం ముగిసే ఫిబ్రవరి, మార్చి నెలల్లో వాళ్లకీ వసూళ్ల ఒత్తిడి ఉంటుంది కాబట్టి. అందుకే ప్రతి ఫోన్‌నీ మోసం అనుకోమని సలహా ఇవ్వడం మంచిది కాదు, అలా కట్ చేసిన ఫోన్లలో ఒకటి నిజమైనదైతే వడ్డీ పెరిగేది మన మీదే.

నిజమైన ఫోన్ చాలా మామూలుగా ఉంటుంది. ఫలానా అసెస్‌మెంట్ సంవత్సరానికి ఇంత డిమాండ్ (అంటే కట్టాల్సిన బకాయి) కనిపిస్తోంది, పోర్టల్‌లో లాగిన్ అయి జవాబివ్వండి, లేదా కట్టండి, అంటారు. అంతకు మించి వాళ్లకి మన దగ్గర నుంచి ఫోన్‌లో కావాల్సింది ఏమీ లేదు. మన ఓటీపీ వాళ్లకి అక్కర్లేదు, ఏటీఎం పిన్ అక్కర్లేదు, స్క్రీన్ కనబడేలా ఏదో యాప్ వేసుకోమని చెప్పాల్సిన పని అసలే లేదు. దొంగ ఫోన్‌లో మాత్రం ఎప్పుడూ తొందర ఉంటుంది. సాయంత్రంలోపు కట్టకపోతే పోలీసులు వస్తారు, ఫోన్ పెట్టేయొద్దు, ఇంట్లో ఎవరికీ చెప్పొద్దు, వీడియో కాల్‌లోకి రండి. డిజిటల్ అరెస్ట్ అనేది ఏ చట్టంలోనూ లేదు, 2024 అక్టోబర్ 27న మన్ కీ బాత్‌లో ప్రధానే ఈ మాట దేశమంతటికీ చెప్పారు. అయినా యూనిఫాం వేసుకున్న మనిషి స్క్రీన్ మీద కనబడి హిందీలో గట్టిగా మాట్లాడితే ముప్పై ఏళ్లు ఉద్యోగం చేసి రిటైరైన వాళ్లకి కూడా కాళ్లూ చేతులూ ఆడవు, అందులో వాళ్ల తప్పేం లేదు, పరువు పోతుందన్న భయం అలాంటిది.

ఇంకో గుర్తు ఉంది, దాన్ని ఎక్కువమంది పట్టించుకోరు. ఇప్పుడు రిటర్న్‌ల పరిశీలన చాలావరకు ఫేస్‌లెస్ పద్ధతిలో జరుగుతోంది, అంటే అధికారి ఎవరో మనకు తెలియదు, ప్రశ్నలూ జవాబులూ అన్నీ పోర్టల్‌లోనే. కాబట్టి "మీ ఫైలు నా టేబుల్ మీదే ఉంది, స్క్రూటినీ నేనే చేస్తున్నాను, మాట్లాడుకుంటే ఇక్కడితో అయిపోతుంది" అని ఎవరైనా అంటే ఆ మాటలోనే మోసం బయటపడుతోంది.

మరి ఫోన్‌లో ఏం అనాలి? పోట్లాడనక్కర్లేదు, భయపడనక్కర్లేదు. కాగితం, పెన్ను తీసుకుని, "సార్, మీ పేరు, హోదా, ఏ ఆఫీసో చెప్పండి. ఏ సంవత్సరానికి, ఎంత డిమాండ్, డిమాండ్ రిఫరెన్స్ నంబర్ ఎంతో చెప్పండి. నేను పోర్టల్‌లో చూసుకుని అక్కడే జవాబిస్తాను" అంటే చాలు. నిజమైన ఉద్యోగికి ఈ మాట ఇష్టమే, ఆయన పని సగం అయిపోయినట్టే. తెలుగులో చెప్పమని అడగడంలో కూడా మొహమాటం వద్దు, అర్థం కాని భాషలో అవునవును అనడం కన్నా అది ఎంతో మేలు. ఇవతలి నుంచి చెప్పకూడనివి కూడా గుర్తుంచుకోవాలి. పాన్ నంబర్ వాళ్లే చదివి వినిపించినా అది నిజమైన ఫోన్ అనడానికి రుజువు కాదు, లోన్ కోసమనీ సిమ్ కోసమనీ మన పాన్, ఆధార్ జిరాక్సులు ఊళ్లో ఎన్ని షాపుల్లో పడి ఉన్నాయో మనకే తెలియదు. ఆధార్ ఓటీపీ ఒక్కటి చెప్పినా దాంతో పోర్టల్‌లోకే వెళ్లిపోవచ్చు, అక్కడ మన బ్యాంకు ఖాతా వివరాలతో సహా అన్నీ కనిపిస్తాయి. అలాగే "అవును, కట్టాలి, కట్టేస్తాను" అని ఫోన్‌లో ఒప్పేసుకోవడం కూడా అనవసరం. ఆ బకాయి సరైనదో కాదో అప్పటికింకా ఎవరూ చూడలేదు కదా.

కాగితం రూపంలోనో వాట్సాప్‌లోనో నోటీసు వస్తే దాన్ని సరిచూసుకునే దారి ఉంది. 2019 అక్టోబర్ 1 నుంచి ఆదాయపు పన్ను శాఖ పంపే ఉత్తర్వులకీ నోటీసులకీ కంప్యూటర్ ఇచ్చిన డిన్ అనే నంబర్ ఉండాలన్న నియమం పెట్టారు. ఈ-ఫైలింగ్ సైట్ మొదటి పేజీలోనే, లాగిన్ కూడా అవసరం లేకుండా, నోటీసు అసలుదా కాదా చూసుకునే లింకు ఉంటుంది, అందులో ఆ నంబర్ వేస్తే తెలిసిపోతుంది. అక్కడే నో యువర్ ఏఓ (ఏఓ అంటే మన ఫైలు చూసే అసెసింగ్ ఆఫీసర్) అనే ఇంకో లింకు ఉంది, పాన్ వేస్తే మన ఫైలు ఏ వార్డు కిందకి వస్తుందో, ఆ ఆఫీసు ఏ భవనంలో ఉందో, ఈమెయిల్ ఏంటో చూపిస్తుంది. ఫోన్ చేసినవాడు ముంబై ఆఫీసు అన్నాడు, పోర్టల్ శ్రీకాకుళం వార్డు అంటోంది, అప్పుడు ఎవరిని నమ్మాలో వేరే చెప్పక్కర్లేదు.

లాగిన్ అయ్యాక పెండింగ్ యాక్షన్స్‌లో అవుట్‌స్టాండింగ్ డిమాండ్ అని ఉంటుంది. అక్కడ ఏమీ లేకపోతే ఆ ఫోన్ సంగతి అక్కడితో మర్చిపోవచ్చు. ఏదైనా ఉంటే జవాబివ్వమని అడుగుతుంది: డిమాండ్ సరైనదే, లేదా పూర్తిగానో కొంతమేరకో ఒప్పుకోవడం లేదు. ఇక్కడ బాగా ఆగాలి. సరైనదే అని ఒకసారి ఒప్పుకున్నాక తర్వాత కాదనడానికి పోర్టల్ అవకాశం ఇవ్వదు. తెలిసినవాళ్లు పక్కన కూర్చుని "ముందు ఏదో ఒకటి నొక్కేయండి మాస్టారూ, మెసేజ్‌లు ఆగిపోతాయి" అని చెప్పడం, ఈయన నొక్కేయడం, తనది కాని బాకీని తన నెత్తికే ఎత్తుకోవడం, ఇలా జరగడం నిజంగా బాధ కలిగించే విషయం.

తనది కాని బాకీ ఎలా వస్తుందంటే, ఈ రెండు జిల్లాల్లో ప్రభుత్వ ఉద్యోగులు, ముఖ్యంగా టీచర్లు ఎక్కువ కాబట్టి వాళ్ల సంగతే తీసుకుందాం. నరసన్నపేట దగ్గర ఒక హైస్కూల్ టీచర్‌కి ఏడాదిలో జీతం నుంచి 46,000 రూపాయలు పన్ను పట్టుకున్నారనుకోండి. పట్టుకున్న సంగతి పేస్లిప్పుల్లో ఉంది, ఆఫీసు ఇచ్చే పన్ను సర్టిఫికెట్ ఫారం 16లో కూడా ఉంది. కానీ జీతం బిల్లు పెట్టే అధికారి, అంటే డీడీఓ, ప్రతి మూడు నెలలకీ 24క్యూ అనే స్టేట్‌మెంట్ వేయాలి, అందులో ఎవరి పాన్ మీద ఎంత పట్టుకున్నారో ఉండాలి. చివరి మూడు నెలల స్టేట్‌మెంట్ వేయలేదు, లేదా వేశారు గానీ పాన్‌లో ఒక అక్షరం తప్పు పడింది. అప్పుడు ఆ టీచర్ పాన్ మీద జమైన పన్నుని చూపించే 26ఏఎస్‌లో 28,000 మాత్రమే కనిపిస్తుంది. రిటర్న్‌లో 46,000 అని వేశారు కాబట్టి బెంగళూరు కంప్యూటర్ మిగతా 18,000, దాని మీద వడ్డీ కలిపి డిమాండ్ పంపేస్తుంది. ఆ కంప్యూటర్‌కి మన స్కూలు తెలియదు, డీడీఓ తెలియదు, దానికి తెలిసింది 26ఏఎస్ ఒక్కటే.

ఇలాంటప్పుడు జీతంలోంచి ఒకసారి పోయిన పన్నుని మళ్లీ కట్టమని ఆ ఉద్యోగిని అడగకూడదు. 1961 చట్టంలో 205వ సెక్షన్ చెప్పేది ఇదే, దాన్ని పాటించమని కేంద్ర ప్రత్యక్ష పన్నుల బోర్డు (సీబీడీటీ) 2015లోనూ 2016లోనూ తన అధికారులకి ప్రత్యేకంగా రాసింది. ఈ సంగతి తెలియక వేలకి వేలు రెండోసారి కట్టినవాళ్లు ఉన్నారు, కట్టాక వెనక్కి రావడం ఎంత కష్టమో పడినవాళ్లకే తెలుసు. సరైన దారి ఏంటంటే పోర్టల్‌లో ఒప్పుకోవడం లేదని కారణంతో సహా జవాబివ్వాలి, ఫారం 16, పేస్లిప్పులు, జీతం పడిన బ్యాంకు స్టేట్‌మెంట్ దగ్గర పెట్టుకోవాలి, డీడీఓ ఆఫీసుకి రాతపూర్వకంగా అర్జీ ఇచ్చి 24క్యూలో కరెక్షన్ స్టేట్‌మెంట్ వేయించాలి. అది పడ్డాక రెక్టిఫికేషన్, అంటే లెక్క సరిచేయమనే అర్జీ, పెడితే డిమాండ్ దానంతట అదే తగ్గుతుంది. డీడీఓ బదిలీ అయిపోయారు, కొత్తాయన ఇది నా కాలంనాటిది కాదంటారు, అక్కడే చాలామంది అలిసిపోతారు. అయినా వదలకూడదు, ఆ బాధ్యత మనిషిది కాదు, ఆ కుర్చీది. అర్జీ ఇచ్చినట్టు ఇన్‌వర్డ్‌లో స్టాంపు వేయించుకున్న కాపీ ఉంటే వార్డు ఆఫీసులో చూపించడానికి అదే పెద్ద ఆధారం. 2026 ఏప్రిల్ 1 నుంచి అమలయ్యే 2025 ఆదాయపు పన్ను చట్టంతో సెక్షన్ల నంబర్లు మారిపోతాయి గానీ పాత సంవత్సరాల బకాయిలు పాత చట్టం ప్రకారమే నడుస్తాయి, అందుకే ఈ 205 అనే నంబర్ ఇంకా కొన్నేళ్లు గుర్తుండాలి.

రిటైరైనవాళ్లకి వచ్చే ఫోన్లు ఇంకో రకం. బొబ్బిలిలో పెన్షనర్ ఒకాయనకి 2008 నాటి పద్నాలుగు వేల బకాయి అని ఫోన్ వచ్చిందనుకోండి. 2024 ఫిబ్రవరి మధ్యంతర బడ్జెట్‌లో ఇలాంటి చిన్న పాత బకాయిలు ఎత్తేస్తున్నట్టు ప్రకటించారు: 2009-10 ఆర్థిక సంవత్సరం వరకు ఒక్కో పద్దు 25,000 లోపు, 2010-11 నుంచి 2014-15 వరకు ఒక్కో పద్దు 10,000 లోపు, ఒక మనిషికి మొత్తం మీద లక్ష రూపాయలు దాటకుండా. అర్జీ కూడా పెట్టనక్కర్లేదు. కాబట్టి అంత పాత, అంత చిన్న బకాయి పేరు చెప్పి ఇప్పుడే కట్టమనే ఫోన్ వస్తే డబ్బు సంగతి తర్వాత, ముందు పోర్టల్ చూడాలి.

తప్పు నిజంగా మన వైపే ఉన్న సందర్భాలూ ఉంటాయి, దాని గురించి సూటిగానే చెప్పుకోవాలి. ఉద్యోగుల దగ్గరికి ఏజెంట్లు వచ్చి రీఫండ్ తెప్పిస్తాం, వచ్చినదాంట్లో మాకింత శాతం ఇవ్వండి అని చెప్పి, లేని ఇంటి అద్దె, ఇవ్వని పార్టీ చందాలు, తీసుకోని చదువు లోను వడ్డీ రిటర్న్‌లో చూపించేయడం దేశమంతా జరిగింది. 2025 జులైలో ఇలాంటి ఏజెంట్ల మీద చాలా చోట్ల ఒకేసారి తనిఖీలు చేశారు. అంతకు ముందు నాలుగు నెలల్లో సుమారు 40,000 మంది తప్పుడు క్లెయిములు వెనక్కి తీసుకుంటూ రిటర్న్‌లు మార్చుకున్నారని, ఆ మొత్తం 1,045 కోట్లని అప్పుడే ప్రకటించారు. ఇలాంటి రిటర్న్ వేయించుకున్నవాళ్లకి మీ మినహాయింపులు ఒకసారి సరిచూసుకోండి అని మెసేజ్ వస్తే దాన్ని చెరిపేయడం కన్నా పెద్ద పొరపాటు లేదు. తప్పు సరిచేసుకుంటూ అప్‌డేటెడ్ రిటర్న్ వేసుకునే గడువు ఇప్పుడు 48 నెలలు, ఆలస్యాన్ని బట్టి పన్ను, వడ్డీల మీద అదనంగా 25 శాతం నుంచి 70 శాతం దాకా కట్టాలి. బరువే. కానీ శాఖ తానే పట్టుకుంటే ఆదాయం తప్పుగా చూపించినందుకు పడే పెనాల్టీ ఆ పన్నుకి 200 శాతం. ఆ రోజు కమీషన్ తీసుకున్న ఏజెంట్ ఫోన్ అప్పటికి స్విచాఫ్‌లో ఉంటుంది, రిటర్న్ మీద ఉన్నది మన పేరు.

బకాయి నిజమే, డబ్బు మాత్రం చేతిలో లేదు, అప్పుడు? డిమాండ్ నోటీసు అందాక సాధారణంగా 30 రోజులు గడువు ఉంటుంది. అది దాటితే నెలకి ఒక శాతం వడ్డీ, నెలలో ఒక్క రోజు పడినా నెల మొత్తంగానే లెక్కేస్తారు. 38,400 బకాయికి నెలకి 384, ఏడాదికి 4,608. మన ఊళ్లలో బయట దొరికే నూటికి రెండు, మూడు రూపాయల వడ్డీతో పోలిస్తే ఇది తక్కువే, కాబట్టి భయపడి బయట అప్పు తెచ్చి ఒకేసారి కట్టేయాల్సిన అవసరం లేదు. వాయిదాల్లో కడతానని వార్డు అధికారికి అర్జీ పెట్టుకోవచ్చు, గడువులోపే పెట్టుకుంటే మంచిది, ఇవ్వాలా వద్దా అనేది అధికారి చేతిలో ఉంటుంది గానీ నెలకి ఎంత కట్టగలరో, ఎందుకు ఒకేసారి కుదరడం లేదో ఆధారాలతో రాస్తే ఆ అర్జీకి విలువ ఉంటుంది. డిమాండ్ మీద అప్పీలుకి వెళితే సాధారణంగా 20 శాతం కట్టించుకుని మిగతాది అప్పీలు తేలేదాకా ఆపే పద్ధతి ఉంది.

ఏమీ చేయకుండా కూర్చుంటే జరిగేది కూడా తెలియాలి. ముందు తర్వాతి సంవత్సరం రీఫండ్‌లో పట్టుకుంటారు, అలా పట్టుకునే ముందు తెలియజేసి జవాబుకి 21 రోజులు ఇస్తారు. తర్వాత బ్యాంకుకే నోటీసు పంపి ఖాతాలోంచి తీసుకునే అధికారం ఉంది, జీతం ఖాతా అయినా సరే. అరెస్టు మాట పూర్తిగా అబద్ధమా అంటే, మొండి బకాయిదారుని సివిల్ జైలుకి పంపే నిబంధన పాత చట్టంలో ఉంది, అయితే అది టాక్స్ రికవరీ ఆఫీసర్ చేయాల్సిన పని, దానికి ముందు షోకాజ్ నోటీసు ఇవ్వాలి, మన మాట వినాలి. ఫోన్‌లో గంట గడువిచ్చి పోలీసుల్ని పంపడం అనేది అందులో ఎక్కడా లేదు. కట్టేది కూడా పోర్టల్‌లోని ఈ-పే టాక్స్ ద్వారా మనమే చలాన్ తయారుచేసుకుని కట్టాలి, ఒక మనిషి పేరు మీద ఉన్న యూపీఐ ఐడీకి, ఫోన్‌పే నంబర్‌కి పన్ను వెళ్లదు.

వ్యాపారులకి జీఎస్టీ ఫోన్లు వేరేగా వస్తాయి. పలాస, కాశీబుగ్గ వైపు జీడి వ్యాపారంలో రైతు దగ్గర నేరుగా కొన్న జీడి పిక్కల మీద రివర్స్ ఛార్జ్ కింద కొన్నవాళ్లే పన్ను కట్టాలి, ఆ లెక్క ఎక్కడ తప్పినా సర్కిల్ ఆఫీసు నుంచి కబురు వస్తుంది. ఇక్కడ కూడా మాట ముఖ్యం కాదు, ఫారం ముఖ్యం. రిటర్న్‌లో తేడా ఉందంటే ఏఎస్‌ఎంటీ-10, పన్ను కట్టమంటే డీఆర్‌సీ-01, ఇవన్నీ జీఎస్టీ పోర్టల్‌లో మన లాగిన్‌లోనే కనిపించాలి. కనిపించకపోతే పోర్టల్‌లో పెట్టండి సార్, జవాబిస్తాం అనడమే. డీఆర్‌సీ-03 అనేది మనంతట మనం కట్టే కాగితం, తనిఖీ జరుగుతుండగా బలవంతంగా కట్టించుకోకూడదని 2022 మే 25న కేంద్ర పరోక్ష పన్నుల బోర్డు తన అధికారులకి రాసింది. కట్టాల్సింది నిజంగా ఉంటే మాత్రం ఆలస్యం చేయొద్దు, అక్కడ వడ్డీ ఏడాదికి 18 శాతం. ఇంటి పన్ను సంగతైతే ఇంత గొడవ లేదు, సచివాలయం నుంచి ఎవరు ఫోన్ చేసినా అసెస్‌మెంట్ నంబర్ పట్టుకుని మున్సిపల్ ఆఫీసుకి వెళ్లి కట్టి రసీదు తెచ్చుకుంటే సరిపోతుంది.

డబ్బు ఇప్పటికే దొంగలకి వెళ్లిపోయి ఉంటే సిగ్గుపడి రాత్రంతా కూర్చోవద్దు, వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి, బ్యాంకుకి చెప్పాలి. ఎంత త్వరగా చెబితే అవతలి ఖాతాలో ఆ డబ్బుని ఆపే అవకాశం అంత ఎక్కువ.

ఇంత చెప్పినా, పోర్టల్‌లో ఎవరి ఫోన్ నంబర్ ఉంది అన్న ప్రశ్న దగ్గరే చాలా ఇళ్లలో అంతా ఆగిపోతోంది. రిటర్న్ వేసేటప్పుడు ఓటీపీల గొడవ లేకుండా ఉంటుందని కన్సల్టెంట్ తన నంబర్, తన ఈమెయిల్ ఇచ్చేస్తారు, ఒక్కో ఆఫీసులో ఎంతోమంది ఫైళ్లకి అదే ఈమెయిల్. బెంగళూరు నుంచి వచ్చే నోటీసులు ఆయన ఇన్‌బాక్స్‌లో వందల మెయిళ్ల కింద పడిపోతాయి, ఆయన్ని తప్పు పట్టి లాభం లేదు, అందరివీ చదివే తీరిక ఆయనకి ఉండదు. మనకి మాత్రం మొదటిసారి తెలిసేది ఎవరో తెలియని మనిషి ఫోన్ చేసి భయపెట్టినప్పుడే. మై ప్రొఫైల్‌లోకి వెళ్లి ప్రైమరీ నంబర్, ఈమెయిల్ మనవి పెట్టుకుని, కన్సల్టెంట్‌వి సెకండరీగా ఉంచుకోవచ్చు. పాస్‌వర్డ్ తెలియకపోయినా ఆధార్‌కి లింకైన ఫోన్ దగ్గరుంటే ఓటీపీతో కొత్తది పెట్టుకోవచ్చు. తండ్రి ఇచ్ఛాపురంలో ఉండి ఆయన ఆధార్‌కి గల్ఫ్‌లోనో హైదరాబాద్‌లోనో ఉన్న కొడుకు నంబర్ లింకై ఉన్న ఇళ్లు ఎన్నో, అలాంటివాళ్లు ముందు ఆధార్ కేంద్రంలో తండ్రి చేతిలో ఉండే నంబర్‌ని ఎక్కించుకుని, కొడుకు సంక్రాంతికి ఇంటికొచ్చినప్పుడు పక్కన కూర్చుని ఒకసారి లాగిన్ చేసి చూపిస్తే ఆ పని అయిపోతుంది.